పైపోర్షన్‌లో ఇథియోపియా కుర్రాళ్లు: మాట ఎలా కలపాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది తాడేపల్లి. నేను రిటైరైన టీచర్ని, మావారు ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. పైపోర్షన్ ఇథియోపియా నుంచి వచ్చి ఎం.టెక్. చదువుతున్న ఇద్దరు కుర్రాళ్లకు ఇచ్చాం. మర్యాదస్తులే. కానీ వచ్చి ఇన్నాళ్లయినా మాట గుడ్‌మార్నింగ్ దాటలేదు. ఏం అడిగితే ఏం తప్పవుతుందో అని నాకు టెన్షన్. మావారేమో 'మనకెందుకు, అద్దె సరిగ్గా ఇస్తున్నారుగా' అంటారు. ఎలా మొదలుపెట్టాలి?"

టీచర్ గారూ, గుంటూరు దగ్గర ఒక కాలేజీలో విదేశీ విద్యార్థుల బాగోగులు చూసే పని చాలా ఏళ్లు చేశాను. గన్నవరం ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడం, అద్దెగది వెతకడం, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లడం, ఓనర్లకూ వాళ్లకూ మధ్య పేచీలు తీర్చడం, అన్నీ అందులోనే. ఇథియోపియా పిల్లలతో ఎక్కువ పరిచయం. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు మీ టెన్షన్ సంగతి. మనం ప్రశ్నలు మరీ ఎక్కువ అడుగుతామని మనకే ఒక బెరుకు. "ఎంతమంది అన్నదమ్ములు, నాన్నగారేం చేస్తారు, అక్కకు పెళ్లయిందా" అంటే అమెరికా వాళ్లు ముడుచుకుంటారేమో గానీ ఇథియోపియా కుర్రాడు ముడుచుకోడు. వాళ్ల దగ్గరా ఒక మనిషిని పలకరించడమంటే ఇంటిల్లిపాదినీ పలకరించడమే. ఇద్దరు కలిస్తే ఎలా ఉన్నావు, ఒంట్లో బాగుందా, ఇంట్లోవాళ్లెలా ఉన్నారు, పనెలా సాగుతోంది అని ఒకటికి నాలుగుసార్లు అడుగుతారు. ప్రతిసారీ దేవుడి దయ అని జవాబు. అసలు విషయం ఆ తర్వాతే. మనం గేటు దగ్గర ఒక్క గుడ్‌మార్నింగ్ అనేసి వెళ్లిపోతే వాళ్లకే పొడిపొడిగా ఉంటుంది.

ప్రశ్నలు అడగడంలో ఇబ్బంది లేదు. మనం అడుగుతూనే ఉండి, మన గురించి ఒక్క ముక్కా చెప్పకపోవడంలో ఉంది. పైగా ఓనరు అడిగితే అద్దెకున్నవాడు చెప్పక తప్పదు. పది నిమిషాలయ్యేసరికి అది వీసా ఇంటర్వ్యూ అయిపోతుంది. అందుకే నేను ఓనర్లందరికీ చెప్పింది ఒకటే: అడగబోయేదానికి మీ జవాబు ముందు మీరు చెప్పేయండి. "మీ అమ్మగారు ఫోన్ చేస్తుంటారా?" అని అడిగే బదులు మీ పిల్లల సంగతి చెప్పండి, మీకు వాళ్లు ఎప్పుడు ఫోన్ చేస్తారో, చేయకపోతే మీకెలా ఉంటుందో. దానికి వాళ్లు తమ సంగతి చెప్పదలుచుకుంటే చెబుతారు, లేదంటే నవ్వి ఊరుకుంటారు. ఎంత చెప్పాలన్నది వాళ్ల ఇష్టానికి వదిలినట్టవుతుంది. జీతాలు, పెళ్లిళ్లు, ఆరోగ్యం, దేనికైనా ఇదే పద్ధతి. మీ మోకాళ్ల నొప్పి గురించి మీరు చెప్పాక వాళ్లమ్మగారి బీపీ గురించి వాళ్లే చెబుతారు.

మొదటి మాటకు పెద్ద సందర్భమేమీ అక్కర్లేదు. మోటారు ఎప్పుడు వేస్తారు, చెత్తబండి ఎన్నింటికి వస్తుంది, గ్యాస్ బండ అయిపోతే ఎవరికి చెప్పాలి. అయితే ఈ "ఎన్నింటికి" దగ్గరే ఒక తమాషా ఉంది. ఇథియోపియాలో గంటల లెక్క తెల్లవారడంతో మొదలవుతుంది. మన ఉదయం 7 గంటలు వాళ్లకు 1 గంట. ఇక్కడికొచ్చాక మన గడియారానికి అలవాటుపడతారు గానీ ఇంటికి ఫోన్ చేసినప్పుడు మళ్లీ ఆ లెక్కే. మనకు రాత్రి 8 అయినప్పుడు వాళ్ల రాజధాని అడిస్ అబాబాలో సాయంత్రం 5.30. దాన్ని వాళ్లమ్మ 11.30 అంటుంది. సూర్యోదయం నుంచి గడియలు లెక్కపెట్టే పంచాంగం మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది కాబట్టి మనకు ఇది అంత వింతగా అనిపించకూడదు.

పంచాంగం అంటే గుర్తొచ్చింది, ఉంటే బయటికి తీయండి. ఒక సాయంత్రానికి సరిపడా కబుర్లు అందులో ఉన్నాయి. వాళ్ల క్యాలెండర్లో 13 నెలలు. 12 నెలలకు తలా 30 రోజులు, చివరి నెలకు 5 రోజులు, కొన్నేళ్లకు 6. మనకు అధికమాసం వచ్చిన ఏడాదే పదమూడు నెలలు, వాళ్లకు ప్రతి ఏడాదీ అంతే. సంవత్సరం లెక్క కూడా మనం వాడే ఇంగ్లీషు లెక్కకు ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుంది. 2025 సెప్టెంబరు 11న వాళ్లకు 2018 మొదలైంది. కొత్త సంవత్సరం వానలు తగ్గి పసుపుపచ్చ పూలు పూసే కాలంలో వస్తుంది. ఇళ్లల్లో ఆ పూలు పెట్టుకుంటారు. ఆ రోజు పైకి వెళ్లి శుభాకాంక్షలు చెప్పి చూడండి. ఊరుకాని ఊళ్లో తమ పండుగ ఇంకొకరికి గుర్తుండటం వాళ్లకు ఎంత సంతోషమో! పుట్టినరోజుల గందరగోళం కూడా సరదాగా ఉంటుంది. మనలో చాలామందికి తిథి ప్రకారం ఒకటి, స్కూలు సర్టిఫికెట్లో ఒకటి ఉన్నట్టే వాళ్లకూ ఇంటి లెక్కలో ఒకటి, పాస్‌పోర్టులో ఒకటి.

పేర్ల విషయం మాత్రం మొదట్లోనే సరిచేసుకోండి. వాళ్లకు ఇంటిపేరు ఉండదు. సొంత పేరు, పక్కన తండ్రి పేరు, కావాలంటే తాత పేరు. పాస్‌పోర్టులో దావిత్ తెస్ఫాయె అని ఉందనుకుందాం. అబ్బాయి దావిత్, వాళ్ల నాన్న తెస్ఫాయె. మన ఆఫీసుల్లో ఫారం చూసి "మిస్టర్ తెస్ఫాయె" అని పిలుస్తారు. అంటే పాపం వాళ్ల నాన్నను పిలుస్తున్నట్టు. మీరు దావిత్ అనే పిలవండి, అదే మర్యాద. పెళ్లయినా ఆడవాళ్ల పేరు మారదు. మిమ్మల్ని ఏమని పిలవాలో వాళ్లకూ తెలియదు కాబట్టి "ఆంటీ అనండి" అని మీరే చెప్పేస్తే సగం బిడియం పోతుంది. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవడానికి మొహమాటపడతారు. వాళ్ల భాషలోనూ నువ్వు, మీరు తేడా ఉంది.

భాషంటే, ఇంగ్లీషు మీకూ వాళ్లకూ అరువుదే. అర్థం కానప్పుడు గొంతు పెంచకండి, నెమ్మదిగా చెప్పండి. వాళ్లు పైతరగతులు ఇంగ్లీషు మీడియంలోనే చదువుతారు. చదవడం, రాయడం బాగానే వస్తుంది, ఉచ్చారణ దగ్గరే మనకు వాళ్లదీ వాళ్లకు మనదీ తట్టుకుంటుంది. మీరు టీచర్ అన్న సంగతి తప్పకుండా చెప్పండి. హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచి మన దేశపు టీచర్లు వెళ్లి ఇథియోపియా బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత అక్కడి యూనివర్సిటీలకు మన లెక్చరర్లు వెళ్లారు, తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ కుర్రాళ్ల నాన్నకో మేనమామకో ఎవరో ఇండియా మాస్టారు లెక్కలు చెప్పి ఉంటే ఆశ్చర్యపడకండి. ఆ మాస్టారి గురించి వాళ్లింట్లో కథలు ఉంటాయి.

ఇంకో పని చేయొచ్చు. ఒక కాగితం తీసుకుని వాళ్ల అక్షరాలు రాయమనండి. అక్కడ ఎక్కువగా వాడే అమ్హారిక్ భాష లిపిలో ప్రతి హల్లుకూ అచ్చుతో కలిసి ఏడు రూపాలుంటాయి. లె, లు, లీ, లా, లే, ల్, లో అని వరసగా చదువుతుంటే మన గుణింతం వల్లెవేస్తున్నట్టే ఉంటుంది. మీరు పక్కన తెలుగు గుణింతం రాయండి. బస్సుల మీద, షాపుల మీద బోర్డులు చూస్తూ అవి ముగ్గులో అక్షరాలో తెలియక తిరుగుతున్న వాళ్లకు ఇది పెద్ద సాయం. అయితే ఇద్దరూ అమ్హారిక్ ఇంట్లో మాట్లాడేవాళ్లే అనుకోవద్దు. ఆ దేశంలో 80కి పైగా భాషలున్నాయి. ఒరోమో మాట్లాడేవాళ్లు చాలా ఎక్కువ, వాళ్లు రాసుకునేది ఇంగ్లీషు అక్షరాల్లో.

మాటలు సాగేటప్పుడు ఒక సైగ గురించి తెలిసి ఉండాలి. మీరు ఏదో చెబుతుంటే వాళ్లు ఉన్నట్టుండి ఉలిక్కిపడ్డట్టు గాలి లోపలికి పీలుస్తారు. కంగారుపడకండి, అది "ఔను" అనడం. మనం తల అడ్డంగా ఊగిస్తూ "సరే" అంటామే, అది చూసి వాళ్లూ ఇలాగే తికమకపడతారు. ఓనరు వద్దంటున్నాడేమో అనుకుని అడగాల్సింది అడగకుండా వెనక్కి వెళ్లిపోయిన పిల్లల్ని చూశాను.

భోజనానికి పిలవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన ఆప్యాయత అంతా అక్కడే ఉంది, పొరపాట్లూ అక్కడే జరుగుతాయి. ఆర్థడాక్స్ క్రైస్తవులైతే బుధ, శుక్రవారాలు ఉపవాసం. ఈస్టర్ ముందు 55 రోజుల పెద్ద ఉపవాసం వేరే. ఉపవాసమంటే ఏమీ తినకపోవడమే కాదు, తినేటప్పుడు మాంసం, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టరు. "వెజిటేరియనే కదా" అని మీరు పప్పన్నంలో నెయ్యి వేసి చివర్లో పెరుగు వడ్డిస్తే, కాదనలేక ఇబ్బందిపడతారు. బుధవారం పిలిస్తే కందిపప్పు, బీరకాయ కూర, చారు చాలు. ముస్లింలైతే మాంసం సంగతి వేరు, ప్రొటెస్టెంట్లయితే ఈ ఉపవాసాలు ఉండకపోవచ్చు. మీ మతమేమిటని అడగక్కర్లేదు. "మేం శనివారం నాన్‌వెజ్ తినం, మీకేమైనా అలాంటివి ఉన్నాయా?" అంటే చాలు, ఆ మాటలోనే అన్నీ వచ్చేస్తాయి.

వాళ్లు పిలిస్తే వెళ్లండి. తెఫ్ అనే చిరుధాన్యం పిండిని కొన్ని రోజులు పులియబెట్టి పెద్ద పెనం మీద ఒకవైపే కాల్చిన అట్టు, ఇంజెరా, అది వాళ్ల అన్నం. మన అట్లకంటే పులుపు ఎక్కువ, పెళ్లి విస్తరంత పరిమాణం. మీ వంతుగా రాగిసంకటో రాగిజావో చేసి పెట్టండి. రాగి మొక్క పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తుప్రాంతాలే, వేల ఏళ్ల కింద అక్కడి నుంచి మనకు చేరింది. కారం విషయంలో ఇబ్బంది ఉండదు. ఎండుమిరప, వెల్లుల్లి, అల్లం, మెంతులు కలిపి దంచిన బర్బరె అనే కారప్పొడి వాళ్ల కూరల్లో చాలావాటిలో పడుతుంది. కుదిరితే సీజన్‌లో గుంటూరు మిర్చి యార్డు చూపించండి, టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, గుట్టలుగా పడి ఉన్నప్పుడు. దగ్గు మాత్రం వాళ్లకూ వస్తుంది.

ఒక జాగ్రత్త. ఇంజెరా ఒకే పళ్లెంలో వేసుకుని అందరూ కుడిచేత్తో తింటారు. ఆప్యాయత ఎక్కువైతే ముద్ద చుట్టి మీ నోట్లో పెడతారు, దాన్ని గుర్షా అంటారు. మీకు ఎంగిలి పట్టింపు ఉంటే వెళ్లగానే నవ్వుతూ చెప్పేయండి, వేరే పళ్లెంలో పెడతారు, నొచ్చుకోరు. ముద్ద నోటిదాకా వచ్చాక తల తిప్పుకుంటే మాత్రం నొచ్చుకుంటారు. కాఫీకి పిలిస్తే ఆ సాయంత్రం ఇంకో పని పెట్టుకోకండి. కాఫీ ఆ దేశంలో పుట్టింది. పచ్చిగింజలు మన ఎదురుగానే వేయించి, దంచి, మట్టి కూజాలో కాచి, మూడు విడతలు పోస్తారు. నిలబడి ఒక్క గుక్కలో తాగేసి "వస్తాం" అనడం మన అలవాటు, అక్కడ మొదటి కప్పుకే లేస్తే చిన్నబుచ్చుకుంటారు. నా లెక్కలో అసలు మాటలు నడిచేది మూడో కప్పు దగ్గరే.

ఇక అడగకూడనివి. "ఆఫ్రికా కదా, మీకు ఎండ అలవాటేగా" అని అందరూ అంటారు. అడిస్ అబాబా 2,300 మీటర్లకు పైన ఉంది, మన ఊటీ 2,240. మే నెల విజయవాడ వాళ్లకు నరకం. ఆ నెలలో చల్లటి మంచినీళ్ల సీసా పైకి పంపితే అంతకంటే మంచి పలకరింపు ఉండదు. "మిమ్మల్నీ బ్రిటిష్ వాళ్లే పాలించారా?" అనకండి. 1896లో అడ్వా దగ్గర ఇటలీ సైన్యాన్ని ఓడించిన దేశం అది. 1936 నుంచి 1941 దాకా ఇటలీ ఆక్రమణలో ఉన్న మాట నిజమే గానీ, మాది వలసదేశం కాదని గట్టిగా చెప్పుకుంటారు. 1984-85 కరువు గురించి మొదటి పరిచయంలో ఎత్తకండి. ఎవరైనా విదేశీయుడు మనల్ని కలిసిన ప్రతిసారీ 1977 దివిసీమ ఉప్పెన గురించే అడిగితే, ఇక్కడ అదొక్కటే జరిగినట్టు, మనకెలా ఉంటుంది?

"మీరే జాతివాళ్లు, ఒరోమోనా, అమ్హారానా, టిగ్రేనా" అని అసలు అడగొద్దు. మన దగ్గర "మీరేంటోళ్లు?" అన్న ప్రశ్న ఏ ఉద్దేశంతో అడుగుతారో, విన్నవాడికి ఎక్కడ గుచ్చుకుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. 2020 నవంబరు నుంచి 2022 నవంబరు దాకా ఆ దేశపు ఉత్తరాన టిగ్రే ప్రాంతంలో పెద్ద యుద్ధం జరిగింది. ఆ తర్వాత వేరే ప్రాంతాల్లోనూ గొడవలున్నాయి. మీ ఇంట్లో ఉన్న ఇద్దరూ ఆ యుద్ధంలో చెరోవైపు వాళ్లు కావచ్చు, ఇక్కడ ఒకే గదిలో ఉంటూ ఒకే గిన్నెలో వండుకుంటూ ఉండవచ్చు. వాళ్లంతట వాళ్లు ఎత్తితే వినండి.

ఒంటి రంగు, జుట్టు గురించి మాటలు వద్దు. చుట్టాల పిల్లలు వచ్చి జుట్టు ముట్టుకుంటామంటే ఆపండి. మన పెద్దవాళ్లు కొందరు అలవాటుగా వాడే "నీగ్రో" అన్న మాట ఇంట్లో కూడా వాడనివ్వకండి. తెలుగు రాదు కాబట్టి తెలియదనుకుంటాం, ఆ మాట వాళ్లకు స్పష్టంగా తెలుసు.

దీనికి ముడిపడిందే ఇంకోటి, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది. కొంచెం చనువు ఏర్పడ్డాక వాళ్లు ఒకరోజు చెబుతారు: బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోరనో, ఎవడో అడక్కుండా ఫొటో తీశాడనో, గది చూపించి మొహం చూశాక లేదన్నారనో. అప్పుడు మన నోట్లోంచి వెంటనే వచ్చేది "మావాళ్లు అమాయకులండీ, తెలియక చేస్తారు" అని. అది అనకండి. వాళ్లు మన మీద ఫిర్యాదు చేయడం లేదు, మీరు తమ మనిషి అనుకుని చెప్పుకుంటున్నారు. మీరు ఊరిని వెనకేసుకొచ్చిన మరుక్షణం మళ్లీ గుడ్‌మార్నింగ్ దగ్గరికి వెళ్లిపోతారు. ఎక్కడ జరిగింది, ఎప్పుడు, నువ్వేం చేశావు అని అడగండి. "అది తప్పు" అని ఒక్క మాట అనండి. వాళ్లకు గది ఇచ్చినవారు కాబట్టి మీ నోటి నుంచి ఆ మాటకు విలువ ఉంటుంది.

బయటికి తీసుకెళ్లాలనుకుంటే మాల్స్ వద్దు. మీకు ఉండవల్లి పక్కనే. నాలుగు అంతస్తులుగా కొండను తొలిచిన ఆ గుహలు, లోపల ఒకే రాతిలో పడుకున్న అనంతపద్మనాభుడు. వాళ్లకు లాలిబెల ఉంది. 12, 13 శతాబ్దాల్లో రాతిని పైనుంచి కిందికి తొలిచి చేసిన 11 చర్చీలు, కొన్నిటి పైకప్పు నేలమట్టానికే ఉంటుంది. యునెస్కో 1978లోనే వారసత్వ జాబితాలో చేర్చింది. "నువ్వు లాలిబెల చూశావా?" అని మాత్రం నిలదీయకండి. మనలో అజంతా చూసినవాళ్లెంతమంది? ఉండవల్లి మెట్ల మీద కూర్చుంటే ఆ సంగతి వాళ్లే ఎత్తుతారు.

చివరగా మీవారి సంగతి. ఆ ఇంట్లో ఈ కుర్రాళ్లతో గంటల తరబడి మాట్లాడగలిగింది ఆయనే అని నాకనిపిస్తోంది. ఇథియోపియా నీలి నైలు మీద 2011లో మొదలుపెట్టి కట్టిన పెద్ద డ్యాము 2025 సెప్టెంబరులో జాతికి అంకితమైంది. నిల్వ 7,400 కోట్ల ఘనపు మీటర్లు, ఆయన భాషలో చెప్పాలంటే దాదాపు 2,600 టీఎంసీలు. నాగార్జునసాగర్ 312 అని ఆయనకు నోటికి వచ్చే ఉంటుంది. జనం బాండ్లు కొని, ఉద్యోగులు జీతాల్లోంచి ఇచ్చి కట్టుకున్నారు కాబట్టి ఆ డ్యాము ప్రస్తావన వస్తే చాలు, మాటలు రాని పిల్లాడు కూడా విప్పుకుంటాడు. కింద ఉన్న ఈజిప్టు, సూడాన్ మా నీళ్లు ఆగుతాయని అభ్యంతరం చెబుతూనే ఉన్నాయి. పైన ఆల్మట్టి ఉండి కింద డెల్టా ఉన్న మనకు ఆ గొడవ ఇంకొకరు విడమరచి చెప్పాలా? తమాషా ఏమిటంటే కృష్ణ మీద మనం దిగువవాళ్లం, నైలు మీద వాళ్లు ఎగువవాళ్లు. ఆ వాదన ఆయన హాయిగా పెట్టుకోవచ్చు. ఎవరిది న్యాయం అని తీర్పు చెప్పకుండా ఉంటే చాలు. కృష్ణ మీద 1855లో పూర్తయిన పాత ఆనకట్ట, అది 1952లో తెగిపోవడం, 1957లో ప్రకాశం బ్యారేజీ రావడం, ఇవన్నీ ఆయన బ్యారేజీ మీద నడుస్తూ చెబితే ఆ కుర్రాళ్లు శ్రద్ధగా వింటారు, ఇద్దరిలో ఒకరు సివిల్ వాడైతే మరీను. "మనకెందుకు" అన్నారని ఆయనతో వాదించకండి. టీఎంసీల లెక్క ఒక్కటి చెప్పి ఊరుకోండి.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెబుతున్నాను. విదేశీయులకు ఇల్లు ఇచ్చినప్పుడు వాళ్లు దిగిన 24 గంటల్లో వివరాలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నమోదు చేయాల్సిన బాధ్యత ఇంటి ఓనరుదే, కాలేజీది కాదు. చేశారో లేదో చూసుకోండి. చేయకపోతే కాలేజీలో విదేశీ విద్యార్థుల విభాగం వాళ్లను అడిగితే ఎలాగో చెబుతారు. పాస్‌పోర్టు కాపీ తీసుకుని ఒరిజినల్ వెంటనే తిరిగి ఇచ్చేయండి. దగ్గర పెట్టుకోవద్దు, కొందరు ఓనర్లు అలా చేస్తారు, అది పద్ధతి కాదు.